కవరు చెప్పే కబురు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన కార్యదర్శి గారు నెల కిందట ఫోన్ చేసి, "స్వర్ణోత్సవంలో నువ్వూ కాసేపు మాట్లాడాలి. ఇంజనీరువి కదా, కరెంటు గురించి చెప్పు" అన్నారు. ముప్పై ఏళ్లకు పైగా సబ్‌స్టేషన్లలో పనిచేసినవాణ్ణి. మనం కరెంటు గురించి మాట్లాడటం మొదలుపెట్టగానే కరెంటు పోతుందని నా అనుభవం. అందుకని స్టాంపుల గురించి మాట్లాడతానన్నాను. "స్టాంపులా? ఇంకా ఉన్నాయా అవి?" అన్నారాయన. ఉన్నాయండీ. నాకు వాటితో ఒక పాత లెక్క ఉంది. అది మొదలైంది ఈ స్కూల్లోనే కాబట్టి ఇక్కడే చెప్పడం న్యాయం.

నేను 1980లో ఇక్కడ ఆరో తరగతిలో చేరి 1985లో పదో తరగతి గట్టెక్కి బయటపడ్డాను. ఆ రోజుల్లో మన స్కూల్లో స్టాంపుల జ్వరం ఉండేది. ఆటలమ్మ లాగా ఒకడికి వస్తే తరగతంతా అంటుకునేది. ఇంటర్‌వెల్ గంట కొట్టగానే సైకిల్ స్టాండు పక్కన బాదంచెట్టు కింద సంత. ఒక మాగ్యార్ పోస్టాకి రెండు రష్యావి, లేదా మనవి నాలుగు. త్రికోణం స్టాంపు కావాలంటే పైన జీళ్లు కూడా కలపాలి. ధరల పట్టీ ఎవరూ రాసిపెట్టలేదు గానీ, దాన్ని తప్పిన మొనగాడు లేడు.

మాగ్యార్ పోస్టా అంటే ఏ దేశమో మాకెవరికీ తెలీదు. అట్లాసులో వెతికితే లేదు. సోషల్ మాస్టారిని అడిగాం. "అది హంగరీరా. వాళ్ల భాషలో వాళ్ల పేరది. బయటివాళ్లు మనల్ని ఇండియా అంటే మనం భారత్ అనుకోవడం లేదూ!" అన్నారు. హెల్వెషియా అంటే స్విట్జర్లాండనీ, సువోమి అంటే ఫిన్లాండనీ, నోర్గే అంటే నార్వే అనీ ఆ నెలలోనే తెలిసింది. అసలు దేశం పేరే లేని స్టాంపు ఒకటి చూపించి, "ఇది దొంగది కదండీ" అన్నాను. ఆయన నవ్వారు. "స్టాంపు అనేదాన్ని మొదట తెచ్చింది బ్రిటన్, 1840లో. అప్పటికి ఇంకెవరి దగ్గరా లేవు కనుక పేరు వేసుకోవలసిన అవసరం రాలేదు. ఇప్పటికీ రాణి తల వేస్తారు, పేరు మాత్రం వెయ్యరు" అన్నారు. పరీక్షకి రాని ఇలాంటి సంగతులే నాకు ఇప్పటిదాకా గుర్తున్నాయి. మాస్టారూ, మీరు మన్నించాలి.

ఇక నా నేరం సంగతికి వస్తాను.

మా తాతయ్య రంగం వెళ్ళిన మనిషి. మన ప్రాంతంలో పెద్దవాళ్లకు రంగం అంటే విడమరచి చెప్పనక్కర్లేదు. పిల్లల కోసం చెబుతున్నాను: రంగం అంటే బర్మాలోని రంగూన్. ఆ రోజుల్లో విశాఖ, శ్రీకాకుళం ప్రాంతాల నుంచి వేలమంది ఓడెక్కి అక్కడి రేవుల్లో, బియ్యం మిల్లుల్లో పనికి వెళ్ళేవారు. అక్కడ మనవాళ్లను కోరంగీలు అనేవారు. గోదావరి ముఖాన ఉన్న మన కోరంగి రేవు పేరే అలా మనుషుల పేరయింది. తాతయ్య బియ్యం మిల్లులో ఫిట్టరు. ఆ లెక్కన మా ఇంట్లో మొదటి ఇంజనీరు ఆయనే.

1941 డిసెంబరు 23న, మళ్ళీ 25న, జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. 1942 మార్చిలో నగరం జపాను చేతిలోకి పోయింది. ఈలోగా లక్షల మంది భారతీయులు ఇంటిదారి పట్టారు. ఓడ దొరికినవాళ్లు ఓడెక్కారు. దొరకనివాళ్లు అరకాను కొండల మీదుగా, మణిపూర్ అడవుల మీదుగా నడిచారు. చాలామంది దారిలోనే పోయారు.

తాతయ్య రాలేదు. తిరిగొచ్చిన ఊరివాళ్లు, "మిల్లు దగ్గర బాంబులు పడ్డాయి, ఆ తర్వాత ఆయన మాకు కనబడలేదు" అన్నారు. ఆయన దగ్గరనుంచి ఆఖరి ఉత్తరం సంక్రాంతి రోజుల్లో వచ్చింది. అందులో క్షేమమనీ, డబ్బు పంపుతాననీ ఉంది. తేదీ లేదు. బాంబుల ఊసూ లేదు. అంటే బాంబులకు ముందే రాసి ఉంటాడని పెద్దలు తేల్చారు. ఏడాది ఎదురు చూసి నాయనమ్మ చేత బొట్టు తీయించారు. బాంబులు పడ్డ రోజు తిథి చూసి, పుష్య మాసంలో ఆ రోజునే ఏటా తద్దినం పెట్టడం మొదలుపెట్టారు. అప్పటికి మా నాన్నకు ఏడేళ్లు.

యుద్ధం ముగిశాక బర్మా వెళ్తున్న ఒక బంధువు, వెతకడానికి ఆనవాలుగా ఉంటాయని ఆ ఉత్తరాలన్నీ అడిగి పట్టుకెళ్ళాడు. తాతయ్య కబురూ రాలేదు, ఉత్తరాలూ తిరిగి రాలేదు. నాయనమ్మ దగ్గర పదకొండు ఖాళీ కవర్లు మిగిలాయి. ఆవిడ రేకుపెట్టెలో, పాత జరీ కండువాలో చుట్టి ఉంచేది. ఏటా తద్దినం రోజు సాయంత్రం వాటిని తీసి చాప మీద వరసగా పరిచేది. ఆవిడకు చదువు రాదు. అయినా ఏ కవరు ఏదో తెలుసు. "ఇది మీ నాన్న పుట్టినప్పటిది. ఇది చీర పంపినప్పటిది" అని వేలు పెట్టి చూపించేది.

1982 వేసవి సెలవులు. నాకు పన్నెండేళ్లు. బాదంచెట్టు కింద బర్మా స్టాంపు ఒక్కడి దగ్గర కూడా లేదు. మా ఇంట్లో పదకొండున్నాయి. నాయనమ్మ చెరువుకు వెళ్ళిన సమయం చూసి, బట్టల కత్తెర తీసుకుని, పదకొండు కవర్లకూ స్టాంపు ఉన్న మూల చదరంగా కత్తిరించాను. ముక్కల్ని ఇత్తడి పళ్ళెంలో నీళ్లు పోసి నానబెట్టాను. స్టాంపులు ఊడి పైకి తేలాయి. పంచాంగం పుటల మధ్య ఆరబెట్టాను. ఎంత శుభ్రంగా చేశానో అని నాకు నేనే మురిసిపోయాను.

నాయనమ్మ వచ్చి చూసింది. కొట్టలేదు, తిట్టలేదు. ఒక కవరు చేతిలోకి తీసుకుని, ఆ కిటికీలోంచి అవతలికి చూసి, "మొగాలు కోసీసినావేట్రా నాయినా" అంది. అంతే. కవర్లు మళ్ళీ కండువాలో చుట్టి పెట్టెలో పెట్టేసింది. మరుసటి ఏడు తద్దినం నాడు నేను కాచుకుని చూశాను. పెట్టె తెరవలేదు. ఆ తర్వాత ఏ ఏడాదీ తెరవలేదు.

జూన్‌లో స్కూలు తెరిచారు. పదకొండు స్టాంపులూ వారంలో అమ్ముడుపోయాయి. మూడింటికి, పైన జీళ్లకి, ఒక త్రికోణం హంగరీ స్టాంపు వచ్చింది. మిగతా ఎనిమిదీ చిల్లరగా వెళ్ళిపోయాయి. పదో తరగతికి వచ్చేసరికి జ్వరం తగ్గింది. ఇంటర్, ఇంజనీరింగ్, ఉద్యోగం. నాయనమ్మ 1993లో పోయింది.

1998లో హైదరాబాదులో ఉన్నాను. ఆదివారం ఆబిడ్స్‌లో ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు అమ్ముతారు, మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. అక్కడ ఒక పెద్దాయన అట్టపెట్టెలో పాత కవర్లు పెట్టుకుని కూర్చున్నాడు. చిన్నప్పటి సరదా గుర్తొచ్చి ఒక కవరు తీసి, "దీని మీద స్టాంపు ఒక్కటే ఇస్తారా?" అన్నాను. ఆయన నన్ను చూసిన చూపు మన లెక్కల మాస్టారి చూపే. "బాబూ, స్టెప్పులు లేకుండా జవాబు ఒక్కటే రాస్తే మార్కులు వేస్తారా? స్టాంపు జవాబు. కవరు స్టెప్పులు" అన్నాడు.

తర్వాత ఆయనే ఒక ఉదాహరణ చెప్పాడు. 1911 ఫిబ్రవరి 18న అలహాబాదులో ప్రదర్శన జరుగుతున్నప్పుడు హెన్రీ పెకే అనే ఫ్రెంచి విమాన చోదకుడు దాదాపు 6,500 ఉత్తరాల సంచీ పెట్టుకుని యమున దాటి నైనీలో దిగాడు. దూరం పది కిలోమీటర్లు ఉంటుందేమో. తపాలా శాఖ ఏర్పాటు చేసి విమానంలో ఉత్తరాలు పంపడం ప్రపంచంలో అదే మొదలు. ఆ ఉత్తరాల మీద అంటించినవి మామూలు స్టాంపులు. ఏ పోస్టాఫీసులోనైనా దొరికేవి. వాటి మీద వేసిన ప్రత్యేక ముద్ర మాత్రం ఆ ప్రయాణానిదే. ఆ కవరు మీది స్టాంపును నాలాంటి కుర్రాడు నానబెట్టి ఊడదీస్తే చేతిలో మిగిలేది రద్దయిన ఒక మామూలు స్టాంపు, ముద్రలో ఒక ముక్క. విమానం ఎగిరిపోయినట్టే.

ఆ మాట నా బుర్రకెక్కడానికి కారణం నా ఉద్యోగం. సబ్‌స్టేషన్‌లో లాగ్‌బుక్ అని ఒకటి ఉంటుంది. ఏ లైను ఎన్నింటికి ట్రిప్పయింది, ఎన్నింటికి మళ్ళీ వేశాం, ఎవరు డ్యూటీలో ఉన్నారు, అన్నీ అందులో రాయాలి. ప్రమాదం జరిగినప్పుడు మనుషులు తలో మాటా చెబుతారు. లాగ్‌బుక్ ఒక్కటే మాట మార్చదు. పాత కవరు కూడా ఒక లాగ్‌బుక్కే. ముందు వైపు బయలుదేరిన ఊరి ముద్ర, తేదీ. దారిలో రైలు తపాలా వాళ్లు చెయ్యి వేస్తే వాళ్ల ముద్ర. వెనక వైపు చేరిన ఊరి డెలివరీ ముద్ర, తేదీ. యుద్ధకాలమైతే సెన్సారు వాళ్లు విప్పి చూసి మళ్ళీ అంటించిన చీటీ. ఇవన్నీ చదవడాన్నే తపాలా చరిత్ర అంటారు. స్టాంపుల సేకరణకు అది అన్నగారు.

ఇందులో పెద్ద విద్యేమీ లేదు. మీ ఇంట్లో అటక మీద పాత కవర్లుంటే మీరే తేదీ కట్టవచ్చు. కొన్ని గుర్తులు చెబుతాను.

స్టాంపు మీద విలువ అణాల్లో ఉంటే సాధారణంగా 1957 ఏప్రిల్ 1కి ముందుది. ఆ రోజునుంచే మనకు దశాంశ నాణేలు వచ్చాయి. నయా పైసలని ఉంటే ఆ తర్వాతది. 1964లో ఆ 'నయా' అనే మాట తీసేశారు. అడ్రసులో ఆరంకెల పిన్ కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతదే. మన తెలుగు నేలకు అయిదుతో మొదలయ్యే పిన్ అప్పుడే వచ్చింది. కవరు మీద మామూలు స్టాంపుతో పాటు అయిదు పైసల శరణార్థి సహాయం స్టాంపు అదనంగా ఉంటే అది 1971 చివరి నుంచి 1973 మధ్యది. బంగ్లాదేశ్ శరణార్థుల కోసం దేశమంతా ఉత్తరానికి అయిదు పైసలు ఎక్కువ కట్టిన రోజులవి.

మూడు రంగుల జెండాతో జైహింద్ అని ఉన్న మూడున్నర అణాల స్టాంపు కనబడితే జాగ్రత్తగా పక్కన పెట్టండి. స్వతంత్ర భారతం మొదటి స్టాంపు అది, 1947 నవంబరు 21న వచ్చింది. తెలంగాణ వైపు బంధువులున్నవాళ్ల ఇళ్లలో నిజాం స్టాంపులు దొరకవచ్చు. 1869లో మొదలై 1950 దాకా ఆ సంస్థానానికి సొంత స్టాంపులు ఉండేవి. అవి సంస్థానం లోపలే చెల్లేవి. 1931లో వేసిన ఒక అణా స్టాంపు మీద చార్మినారు బొమ్మ ఉంటుంది.

ఊళ్ల పేర్లు కూడా చూడండి. పాత ముద్రల్లో శ్రీకాకుళం చికాకోల్, కాకినాడ కోకనాడ, భీమిలి బిమ్లీపటం, విజయవాడ బెజవాడ. అడ్రసులో జిల్లా పేరు శ్రీకాకుళం అని ఉంటే అది 1950 ఆగస్టు 15 తర్వాతది. అంతకు ముందు మనమంతా విశాఖపట్నం జిల్లాయే. ఒక్క కవరులో ఇంత చరిత్ర ఉంటుందని తెలిస్తే సోషల్‌లో నాకు ఇంకో పది మార్కులు వచ్చేవి.

ఇవి నేర్చుకున్నాక, 1999 సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు నాన్నగారిని అడిగి నాయనమ్మ పెట్టె తీశాను. నాన్న ఆ పెట్టె ఎన్నడూ తెరిచిన మనిషి కాదు. కవర్లు అలాగే ఉన్నాయి, పదకొండు కిటికీలతో. మొదటిసారి వాటిని వెనక్కి తిప్పి చూశాను. మన ఊరి పోస్టాఫీసు గుండ్రటి ముద్రలు! నాన్న పుట్టినప్పటిదని నాయనమ్మ చూపించే కవరు మీద 1935. బర్మా 1937 ఏప్రిల్ 1న మన దేశం నుంచి విడిపోయింది. అప్పటిదాకా అక్కడా మన స్టాంపులే. అంటే నేను బర్మా స్టాంపని అమ్ముకున్నవాటిలో కనీసం అది ఇండియా స్టాంపే అయి ఉండాలి. కొన్నవాడు మోసపోయాడు. క్షమాపణలు.

ఆఖరి కవరు వెతికాను. వెనక ముద్రలో జనవరి, 42 అని ఉంది. తేదీ అంకె లేదు. కత్తెర ఒక వైపే కత్తిరించదు కదా! ముందు వైపు స్టాంపుతో పాటు వెనక ముద్రలో తేదీ ఉన్న చెక్క కూడా తెగిపోయింది. రంగూన్‌లో వేసిన ముద్ర ముందు వైపు సగమే మిగిలింది, ఎడమ పక్కన ఒక వంపు. తేదీ ఉన్న మిగతా సగం స్టాంపు మీద వెళ్ళిపోయింది. ఎడమ అంచున సెన్సారు చీటీ ఉంది.

ఆ చీటీ చూశాక నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. యుద్ధంలో సెన్సారు ఉన్నప్పుడు బాంబుల గురించి, నష్టాల గురించి ఉత్తరంలో రాయనిచ్చేవారు కాదు. రాస్తే కొట్టేసేవారు. అది తెలిసినవాళ్లు ముందే రాయడం మానేసేవారు. మా పెద్దలు బాంబుల ఊసు లేదు కాబట్టి ముందే రాశాడన్నారు. ఊసు లేకపోవడానికి ఇంకో కారణం ఉండవచ్చని వాళ్లకెలా తెలుస్తుంది? ఆ ఉత్తరం 23కి ముందు బయలుదేరిందా, తర్వాత బయలుదేరిందా? ఆ ఒక్క అంకె కోసం మా ఇంట్లో అరవై ఏళ్ల సంగతి ఆగి ఉంది. ఆ అంకెను జీళ్లతో కలిపి అమ్మినవాణ్ణి నేను.

2010లో మా బ్యాచ్ ఇరవై అయిదేళ్ల కలయిక ఇక్కడే, ఈ ఆవరణలోనే జరిగింది. భోజనాల దగ్గర ఈ కథ చెప్పాను. అందరూ అయ్యో అన్నారు. ఒకడు మాత్రం ఏమీ అనకుండా లేచి వెళ్ళిపోయాడు. గంటన్నర తర్వాత మోటారు సైకిల్ మీద వచ్చి, దుమ్ము పట్టిన పాత లెక్కల నోటుబుక్కు ఒకటి నా ఒళ్లో పెట్టాడు. వాడి ఆల్బం. అన్నం మెతుకులతో అంటించిన స్టాంపులు. "బర్మావి మూడు నీ దగ్గరే తీసుకున్నాన్రా. ఉన్నాయేమో చూసుకో" అన్నాడు. ఆ మిత్రుడు ఈ సభలోనే ఉన్నాడు. పేరు చెబితే లేచి వెళ్ళిపోతానన్నాడు కాబట్టి చెప్పను.

మూడూ ఉన్నాయి. ఆరో జార్జి రాజు తల ఉన్న ఒకదాని మీద నల్లటి ముద్ర, కుడి సగం. ఇంటికి తీసుకెళ్ళి ఆఖరి కవరు కిటికీలో పెట్టి చూశాను. కవరు మీది వంపు, స్టాంపు మీది వంపు కలిసి ఒక గుండ్రమయ్యాయి. మధ్యలో రెండు మిల్లీమీటర్ల ఖాళీ మాత్రం ఉంది. అది నా కత్తెర తిన్నది. స్టాంపు మీద 29, దాని పక్కన డిసెంబరులో మొదటి రెండక్షరాలు, కింద 41.

బాంబులు పడ్డ ఆరు రోజుల తర్వాత.

నాన్నగారికి చూపించాను. అప్పటికి ఆయనకు డెబ్భై అయిదు. భూతద్దం పెట్టి చాలాసేపు చూశారు. ఇంజనీరు బుద్ధి ఊరుకోదు కదా, నేనే ఒక అనుమానం కూడా చెప్పాను. ముద్ర పడేది పోస్టాఫీసు చేతికి వచ్చిన రోజున. ఆ గందరగోళంలో పోస్టుడబ్బా నాలుగు రోజులు తెరవకుండా ఉండి ఉండవచ్చు. కాబట్టి ఆయన 29న బతికే ఉన్నాడని ఈ ముద్ర రుజువు చెయ్యదు, ఉండి ఉండవచ్చు అని మాత్రమే చెబుతుంది అన్నాను. ఆయన భూతద్దం పక్కన పెట్టి, "ఇన్నాళ్లూ అలా అనుకోవడానికి కూడా లేదు కదరా" అన్నారు.

తద్దినం తిథి మారుద్దామా అని అడిగాను. వద్దన్నారు. "అది మా అమ్మ పెట్టుకున్న రోజు. ఆ రోజే ఉండనీ" అన్నారు. కానీ ఆ ఏడు పుష్యమాసంలో తద్దినం సాయంత్రం ఆయనే పెట్టె తెరిచి, కవర్లు చాప మీద వరసగా పరిచారు. నేను చిన్నప్పుడు చూసిన వరసలోనే. ఆఖరిదాని కిటికీలో స్టాంపు పెట్టారు. అంటించలేదు, ఊరికే పెట్టారు.

నాయనమ్మ చూడలేదు. ఆ పదకొండేళ్లూ, అంటే 1982 నుంచి 1993 దాకా, ఆ స్టాంపు మా ఇంటికి రెండు వీధుల అవతల ఒక లెక్కల నోటుబుక్కులో ఉంది. ఆ సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు ఇప్పటికీ గొంతులో ఏదో అడ్డం పడుతుంది. అందుకే ఈ వేదిక మీద కరెంటు గురించి కాక దీని గురించి మాట్లాడతానన్నాను.

ఇక మిమ్మల్ని కోరవలసినవి నాలుగే.

ఒకటి, పాత కవరు మీది స్టాంపును కత్తిరించకండి, నానబెట్టకండి. పిల్లలకు స్టాంపులు కావాలంటే పోస్టాఫీసు ఫిలాటెలీ విభాగంలో కొత్తవి కొనివ్వండి. హైదరాబాదు ఆబిడ్స్ జీపీవోలో అలాంటి విభాగం ఉంది.

రెండు, దాచే పద్ధతి. సెల్లోటేపు, బంక, లామినేషన్ మూడూ శత్రువులు. టేపు కొన్నేళ్లకు పసుపు మరక అవుతుంది, లామినేషన్ చేస్తే మళ్ళీ తీయలేం. మనది సముద్రపు గాలి, తేమ ఎక్కువ. పెట్టె నేల మీద పెట్టకండి, గోడకు ఆనించకండి. ఏడాదికోసారి ఎండలో కాదు, నీడలో గాలికి పెట్టండి. స్టాంపును వేళ్లతో కాక పట్టకారుతో పట్టుకోండి.

మూడు, ఆ ఉత్తరం ఎవరు ఎవరికి రాసిందో మీకు తెలిసినంతవరకు పెన్సిలుతో విడి చీటీ మీద రాసి దానితో పెట్టండి. కవరు మీద రాయకండి. తేదీని ముద్ర చెబుతుంది. "ఇది చీర పంపినప్పటిది" అనే మాట మాత్రం ఏ ముద్రా చెప్పదు. అది చెప్పే మనిషి ఉన్నప్పుడే రాసుకోవాలి.

నాలుగోది స్కూలుకు. ఏడాదికి ఒక రోజు, తొమ్మిదో తరగతి పిల్లలు ఇళ్లలోని పాత కవర్లు తెచ్చి, సోషల్ పీరియడ్‌లో ముద్రలు చదివి, ఫోటోలు తీసుకుని, కవర్లు భద్రంగా మళ్ళీ ఇంటికి పట్టుకెళ్ళే ఏర్పాటు చేస్తే బాగుంటుంది. రంగం నుంచి, ఖరగ్‌పూర్ నుంచి, భిలాయి నుంచి, మిలిటరీ నుంచి ఈ ఊరికి ఎన్ని ఉత్తరాలు వచ్చి ఉంటాయో! ఈ ఊరి చరిత్ర పుస్తకాల్లో లేదు, మీ అటకల మీద ఉంది. భూతద్దాలు, పట్టకార్లు నేను కొనిస్తాను. హెడ్‌మాస్టారు గారు ఒప్పుకుంటే మొదటి పాఠం చెప్పడానికి నేనే వస్తాను.

ఇంకొక్క స్వార్థపు విన్నపం. 1982 జూన్‌లో బాదంచెట్టు కింద నా దగ్గర స్టాంపులు తీసుకున్నవాళ్లు ఇంకా కొందరున్నారు. ఇంకా ఎనిమిది బయటే ఉన్నాయి. ఇంటికి వెళ్ళాక మీ పాత నోటుబుక్కులు ఒకసారి తిరగెయ్యండి. ఆ ఎనిమిదీ ఏ ప్రశ్నకూ జవాబు చెప్పకపోవచ్చు. కానీ అవి మా నాయనమ్మ దాచుకున్నవి.

ఆఖరిగా, నా మిత్రుడికి. ఆ రోజు నువ్వు స్టాంపు తిరిగి ఇచ్చి బదులు ఏమీ అడగలేదు. నాకూ తోచలేదు. నువ్విచ్చిన త్రికోణం హంగరీ స్టాంపు ఇవాళ తెచ్చాను, ఇదిగో, ఈ కవరులో ఉంది. సభ అయ్యాక వచ్చి తీసుకో. నలభై మూడేళ్ల నాటి బేరం ఇవాళ్టితో రద్దు. జీళ్లు మాత్రం నువ్వు తినేశావు కాబట్టి, అవి వదిలేస్తున్నాను.